చెరువు అమ్మోనియా మోడల్‌లో పారామీటర్లు రన్ రన్‌కీ మారిపోతున్నాయి, ఐడెంటిఫయబిలిటీకి (డేటాలోంచి పారామీటర్లు ఒక్క విలువగా తేల్తాయా అన్నదానికి) ఏ పద్ధతి వాడాలి?

వెనామీ_అమ్మాయి (ఉండి):

అందరికీ నమస్తే అండి, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. పీహెచ్‌డీ చేస్తున్నా. మా బాబాయి వాళ్ళకి కాళ్ళ దగ్గర వెనామీ రొయ్యల చెరువులున్నాయి, వాటిల్లో అమ్మోనియా ఎలా పెరుగుతుంది ఎలా తగ్గుతుంది అన్నది మోడల్ చేస్తున్నా. పెద్ద మోడలేం కాదు, రెండే ఈక్వేషన్లు. మేత వల్ల అమ్మోనియా వస్తుంది, మేత ఎంత వేశారో బాబాయి రోజూ పుస్తకంలో రాస్తాడు కాబట్టి అది తెలిసిన ఇన్‌పుట్, దాన్ని "ఎ" అనే నంబర్‌తో గుణించా. నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా (అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చేది) ఆ అమ్మోనియాని మోనో కైనెటిక్స్ ప్రకారం (అమ్మోనియా పెరిగేకొద్దీ తినే వేగం పెరిగి ఒక హద్దు దగ్గర ఆగుతుంది) తింటుంది, తిని పెరుగుతుంది, కొంత చచ్చిపోతుంది. తెలియనివి మొత్తం ఆరు: ఎ, మ్యూమ్యాక్స్ (బ్యాక్టీరియా గరిష్ఠ పెరుగుదల రేటు, మ్యూ), కేఎస్ (ఆ రేటు సగానికి చేరే అమ్మోనియా మోతాదు), యీల్డ్ (వై, తిన్న అమ్మోనియాకి ఎంత బ్యాక్టీరియా పెరుగుతుందో), చావు రేటు (కేడీ), మొదటిరోజు బ్యాక్టీరియా ఎంతుందో ఆ ఎక్స్‌నాట్. కొలిచేది మాత్రం టోటల్ అమ్మోనియా ఒక్కటే, అదీ టెస్ట్ కిట్టుతో రంగు చూసి.

పైథాన్‌లో లీస్ట్ స్క్వేర్స్ పెడితే ఫిట్ చక్కగా కూర్చుంటోంది. స్టార్టింగ్ వాల్యూస్ మార్చి మళ్ళీ రన్ చేస్తే కర్వ్ అదే, ఎర్రర్ అదే, పారామీటర్లు మాత్రం ఎక్కడికో పోతున్నాయి, కేఎస్ అయితే ఒకసారి అర, ఇంకోసారి నలభై. మా గైడుకి చూపిస్తే "ఐడెంటిఫయబిలిటీ చూసుకుని రా" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నారు. వెతికితే టేలర్ సిరీస్, డిఫరెన్షియల్ ఆల్జీబ్రా, లీ డెరివేటివ్స్, ఫిషర్ మ్యాట్రిక్స్, ప్రొఫైల్ లైక్లీహుడ్, ఎంసీఎంసీ... ఎవరికి వాళ్ళు తమదే గొప్ప అన్నట్టు రాశారు. ఇలాంటి నాన్‌లీనియర్ మోడల్‌కి వీటిల్లో నిజంగా పనికొచ్చేది ఏది, అన్నీ చెయ్యాలా? ఇంకోటి, వేసవిలో కాలవలు కట్టేసే లోపు ఇంకో విడత డేటా తీసుకునే వీలుంది, ఏం కొలవాలో ఇప్పుడే తేలితే బాగుణ్ణు.

లెక్కల_మాస్టారు (అమలాపురం):

సాఫ్ట్‌వేర్ జోలికెళ్ళే ముందు కాగితం మీద ఒక పని చెయ్యమ్మా. ఎక్స్‌ని రెట్టింపు చెయ్, వైని కూడా రెట్టింపు చెయ్. అమ్మోనియా ఈక్వేషన్‌లో ఎక్స్ ఎప్పుడూ "ఎక్స్ బై వై"గానే వస్తుంది కాబట్టి పైనున్న రెండూ కిందున్న రెండూ కొట్టుకుపోతాయి. బ్యాక్టీరియా ఈక్వేషన్‌లో ఎక్స్ రెండు పక్కలా ఉంది, అక్కడా కొట్టుకుపోతుంది. అమ్మోనియా కర్వ్ వెంట్రుకవాసి కూడా కదల్లేదు చూశావా. రెండే కాదు, ఏ అంకెతో గుణించినా ఇంతే. కాబట్టి అమ్మోనియా ఒక్కటే కొలిచినన్నాళ్ళూ వై, ఎక్స్‌నాట్ విడివిడిగా దొరకవు, వాటి నిష్పత్తే దొరుకుతుంది. నిమిషానికోసారి కొలిచినా అంతే, కిట్టు పక్కనపెట్టి లక్షలు పోసి మెషీను కొన్నా అంతే. ఇది డేటా తప్పు కాదు, మోడల్ నిర్మాణంలోనే ఉంది, దీన్నే స్ట్రక్చరల్ నాన్‌ఐడెంటిఫయబిలిటీ అంటారు. బెల్‌మన్, ఆస్ట్రామ్ ఇద్దరూ 1970లో దీనిమీద పేపరు రాశారు, అక్కణ్ణుంచీ నడుస్తున్న కథే.

విరుగుడు తేలికే. ఎక్స్ బై వైకి "వి" అని పేరు పెట్టి మోడల్ తిరగరాయి. అప్పుడు ఎ, మ్యూ, కేఎస్, కేడీ, వినాట్ అయిదే మిగుల్తాయి. వి అనేదాన్ని చేత్తో ఎలిమినేట్ చేసి అమ్మోనియా, దాని మొదటి డెరివేటివ్, రెండో డెరివేటివ్, మేత, మేత డెరివేటివ్, ఇవి మాత్రమే ఉన్న ఒక్క ఈక్వేషన్ తెచ్చుకో, ఒక అరగంట పని. దాని కోఎఫిషియెంట్లలో ఒకచోట కేఎస్ ఒక్కటే వస్తుంది, ఒకచోట మ్యూ మైనస్ కేడీ, ఒకచోట కేడీ ఇంటూ కేఎస్, మేత డెరివేటివ్ దగ్గర ఎ. వాటిల్లోంచి నాలుగూ ఒక్కొక్కటే విలువగా తేల్తాయి, ఆపైన వినాట్ కూడా. డిఫరెన్షియల్ ఆల్జీబ్రా పద్ధతి అని వాళ్ళు చెప్పేదంతా ఈ ఎలిమినేషన్‌ని కంప్యూటర్ చేత చేయించడమే.

టేలర్ సిరీస్ సంగతి కూడా చెప్తా. పొహ్యాన్‌పాలో 1978లో పెట్టిన పద్ధతి, సున్నా సమయం దగ్గర అవుట్‌పుట్ డెరివేటివ్స్ ఒక్కొక్కటే తీసుకుంటూ పోయి వాటిని పారామీటర్ల కోసం సాల్వ్ చెయ్యడం. చదువుకోడానికి బాగుంటుంది. కానీ మోనో లాంటి భిన్నం ఉంటే మూడో డెరివేటివ్‌కే పేజీ నిండిపోతుంది, పైగా ఎన్ని డెరివేటివ్స్ తీస్తే చాలో ముందుగా తెలియడం కష్టం. నేనైతే వాడను.

జూలియా_కాకినాడ:

మాస్టారు చెప్పింది కరెక్టు అండి, కాకపోతే ఈక్వేషన్లు పది దాటాక చేత్తో కుదరదు కాబట్టి టూల్స్ గురించి నేను చెప్తా. ముందు ఏ టూల్ ఏ ప్రశ్నకి జవాబిస్తుందో చూసుకోవాలి, లేకపోతే వాటిని పోల్చడంలో అర్థం లేదు.

డైసీ (2007) డిఫరెన్షియల్ ఆల్జీబ్రా, రెడ్యూస్ అనే పాత సింబాలిక్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. గ్లోబల్ జవాబు ఇస్తుంది, అంటే పారామీటర్‌కి ఒక్కటే విలువ ఉందా, లెక్కపెట్టగలిగినన్ని ఉన్నాయా, అనంతంగా ఉన్నాయా అన్నది తేలుస్తుంది. చిన్న మోడల్‌కి బంగారం, మోడల్ పెరిగిందంటే మెమరీ మింగేసి కూర్చుంటుంది. స్ట్రైక్‌గోల్డ్ (2016) మ్యాట్‌ల్యాబ్‌లో ఉంటుంది, పారామీటర్లని కూడా కదలని స్టేట్లుగా (అమ్మోనియా, బ్యాక్టీరియా లాంటి మోడల్ రాశులుగా) లెక్కేసి లీ డెరివేటివ్స్‌తో (మోడల్ వెంట తీసిన అవుట్‌పుట్ డెరివేటివ్స్) ఒక మ్యాట్రిక్స్ కట్టి దాని ర్యాంకు చూస్తుంది. ర్యాంకు కాబట్టి జవాబు లోకల్ మాత్రమే (ఆ విలువ చుట్టుపక్కల ఇంకోటి లేదని మాత్రమే చెప్తుంది), కానీ ఎక్స్‌పొనెన్షియల్ లాంటివి మోడల్‌లో ఉన్నా ఒప్పుకుంటుంది, డైసీకి రేషనల్ ఫంక్షన్లే (పాలినోమియల్ భిన్నాలే) కావాలి. ఈఏఆర్ అని మ్యాథమెటికాలో ఇంకోటి ఉంది, 2012 నాటిది, అదీ లోకలే, పెద్ద మోడళ్ళ మీద కూడా టకటకా తేల్చేస్తుంది ఎందుకంటే సింబల్స్‌తో కాకుండా యాదృచ్ఛికంగా తీసుకున్న పూర్ణసంఖ్యలతో ఖచ్చితంగా లెక్కేస్తుంది. సియాన్ (2019) కూడా ర్యాండమ్ పాయింట్లే వాడుతుంది గానీ గ్లోబల్ జవాబిస్తుంది, జవాబు కరెక్టయ్యే సంభావ్యత ఎంతుండాలో మనమే ఇవ్వొచ్చు, మామూలుగా 99 శాతం.

లోకల్, గ్లోబల్ తేడా ఎక్కడ కొడుతుందంటే, రేపు మీరు ఇదే మోడల్‌లో రెండు రకాల బ్యాక్టీరియా పెట్టారనుకోండి, రెంటికీ ఒకే రూపంలో మోనో టర్మ్. మొదటిదాని మ్యూ, కేఎస్ రెండోదానికీ, రెండోదానివి మొదటిదానికీ మార్చేస్తే కర్వ్ మారదు. లోకల్ టెస్టు "అంతా ఓకే" అంటుంది, గ్లోబల్ టెస్టు "రెండు జవాబులున్నాయి" అంటుంది. మీ ఇప్పటి మోడల్‌లో ఆ బాధ లేదు.

మీకు నా సలహా, జూలియాలో స్ట్రక్చరల్‌ఐడెంటిఫయబిలిటీ ప్యాకేజీ. ఫ్రీ, మ్యాట్‌ల్యాబ్ లైసెన్సు గొడవ లేదు, లోకల్ గ్లోబల్ రెండూ చెప్తుంది, పైగా విడిగా దొరకని పారామీటర్లు ఏ కాంబినేషన్‌లో దొరుకుతాయో కూడా రాసిస్తుంది. మీ పాత ఆరు పారామీటర్ల మోడల్ మార్చకుండా అలాగే ఇచ్చి చూడండి, మాస్టారి కాగితంతో సరిపోవాలి.

ఒక జాగ్రత్త. ఇవన్నీ "జనరిక్" జవాబులు, అంటే ప్రత్యేకమైన పాయింట్లు వదిలేసి మిగతా అన్నిచోట్లా నిజం. కొత్తగా నీళ్ళు పెట్టిన చెరువులో వినాట్ నిజంగా సున్నా అనుకోండి, అసలు బ్యాక్టీరియానే లేదు, అప్పుడు మ్యూ కేఎస్ కేడీ మూడూ పోయినట్టే, టూల్ ఏం చెప్పినా సరే.

ప్రొఫైల్_పిచ్చోడు (రాజమండ్రి):

ఇదంతా బానే ఉంది గానీ ఆవిడ అసలు బాధ వేరే అండి. వై, ఎక్స్‌నాట్ తిరగడం సరే, స్ట్రక్చర్ వల్ల. మరి కేఎస్ అర నుంచి నలభైకి ఎందుకు పోతోంది? స్ట్రక్చరల్‌గా కేఎస్ దొరుకుతుందని మాస్టారే చూపించారు. అది ప్రాక్టికల్ ఐడెంటిఫయబిలిటీ, అక్కడ డైసీ, సియాన్ ఏమీ చెప్పలేవు ఎందుకంటే వాటికి మీ డేటాతో పనే లేదు, నాయిస్ (కొలతలో తేడాలు) లేకుండా నిరంతరంగా కొలుస్తున్నట్టు ఊహించుకుంటాయి.

మోనో ఫార్ములాని చూడండి, అమ్మోనియా బై (కేఎస్ ప్లస్ అమ్మోనియా). చెరువులో అమ్మోనియా ఎప్పుడూ కేఎస్ కన్నా బాగా తక్కువలోనే తిరుగుతుంటే కింద కేఎస్ ఒక్కటే మిగుల్తుంది, అంటే డేటాకి కనపడేది మ్యూ బై కేఎస్ మాత్రమే, రెండిటినీ పదింతలు చేసినా ఫిట్ పట్టించుకోదు. దీనికి తోడు కొలిచిన రోజుల్లో బ్యాక్టీరియా పెద్దగా పెరక్కపోతే మ్యూ, వినాట్ కూడా లబ్ధంగానే కనిపిస్తాయి. రెండూ కలిస్తే మీ మూడు పారామీటర్లూ కలిసి ఒకే ఒక్క నంబర్ కింద తేల్తాయి, మ్యూ ఇంటూ వినాట్ బై కేఎస్. నా అనుమానం మీకు అదే జరుగుతోంది.

ఇది కళ్ళారా చూడాలంటే ప్రొఫైల్ లైక్లీహుడ్. 2009లో రౌవే, టిమ్మర్ వాళ్ళ గ్రూపు సిస్టమ్స్ బయాలజీలోకి తెచ్చింది. కేఎస్‌ని ఒక విలువ దగ్గర కట్టేసి మిగతా నాలుగూ మళ్ళీ ఫిట్ చెయ్యడం, మైనస్ రెండు లాగ్ లైక్లీహుడ్ (ఫిట్ ఎంత చెడిందో చెప్పే కొలత) ఎంత పెరిగిందో రాసుకోవడం, కేఎస్‌ని కొంచెం జరిపి మళ్ళీ ఇదే. కనిష్ఠం నుంచి 3.84 ఎత్తులో ఒక అడ్డగీత గియ్యండి, అది ఒక పారామీటర్‌కి 95 శాతం హద్దు. ప్రొఫైల్ రెండు పక్కలా గీత దాటితే ఆ పారామీటర్ దొరికినట్టు. ఎటు చూసినా బల్లపరుపుగా ఉంటే స్ట్రక్చరల్ సమస్య. మీది నేననుకోవడం ఎడమపక్క నిటారుగా లేచి, కుడిపక్క గీతకి కిందే ఎక్కడో సాగిపోతుంది, అంటే "కేఎస్ ఇంతకన్నా తక్కువ కాదు" అని డేటా చెప్తోంది గానీ "ఇంతకన్నా ఎక్కువ కాదు" అని చెప్పట్లేదు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, ఆపకండి. కేఎస్ జరుపుతుంటే మిగతా పారామీటర్లు ఎలా జరుగుతున్నాయో అదీ ప్లాట్ చెయ్యండి. మ్యూ దానితోపాటే తిన్నగా పైకెళ్తుంటే మ్యూ బై కేఎస్ అన్నమాట ఖాయం.

ఫిషర్ మ్యాట్రిక్స్‌తో కూడా చూడొచ్చు, సెకన్లలో అయిపోతుంది, ఐగెన్ విలువల్లో బుల్లిబుల్లివి కనపడితే అనుమానించొచ్చు. కానీ అది బెస్ట్ ఫిట్ పాయింట్ దగ్గరి వంపు మాత్రమే చూస్తుంది, రాత్రిపూట కాలవగట్టు మీద బండి లైటు పడ్డంత మేరా చూసి రోడ్డంతా తిన్నగా ఉందనుకోవడం లాంటిది. ఒక పక్క మూసుకుని ఒక పక్క తెరుచుకున్న హద్దుని అది ఎప్పటికీ చూపించలేదు, ఎప్పుడూ రెండు పక్కలా సమానంగా ప్లస్ ఆర్ మైనస్ ఇచ్చేస్తుంది.

ఎంసీఎంసీ (ర్యాండమ్‌గా పారామీటర్లు తీసి చూసే బేసియన్ పద్ధతి) మీద నాకు కోపం లేదు గానీ ఈ పనికి మొదటే వాడకండి. కేఎస్‌కి 0 నుంచి 50 దాకా యూనిఫాం ప్రయర్ (డేటా చూడకముందే పెట్టే అంచనా) పెట్టారనుకోండి, డేటా ఏమీ చెప్పకపోయినా పోస్టీరియర్ (డేటా చూశాక వచ్చే అంచనా) సగటు ఇరవై అయిదు చుట్టూ వచ్చి కూర్చుంటుంది, పేపర్లో "కేఎస్ 25" అని రాసేస్తారు. ఆ ఇరవై అయిదు చెరువు చెప్పింది కాదు, మీరు పెట్టిన 50 చెప్పింది.

డైసీ, ఈఏఆర్, ప్రొఫైల్ మూడింటినీ ఒకే మోడళ్ళ మీద పెట్టి 2014లో బయోఇన్ఫర్మాటిక్స్ జర్నల్‌లో ఒక పోలిక వచ్చింది, మూడు పద్ధతుల మనుషులూ కలిసి రాసిందే. అది చదివితే ఏది గొప్ప అన్న గొడవ పోతుంది.

వెనామీ_అమ్మాయి (ఉండి):

అబ్బ, ఇన్ని రోజులూ ఎక్కడున్నారండీ మీరంతా. జూలియా ప్యాకేజీ పెట్టి చూశా, పాత మోడల్‌కి వై, ఎక్స్ రెండిటికీ నాన్‌ఐడెంటిఫయబుల్ అంది, మిగతా అన్నిటికీ గ్లోబల్ అంది, మాస్టారి కాగితమే. తిరగరాసిన మోడల్‌కి ప్రొఫైల్స్ కూడా వేశా. కేఎస్ సరిగ్గా ప్రొఫైల్ గారు చెప్పినట్టే, కుడిపక్క గీతని ముట్టుకోలేదు. మ్యూ కూడా అంతే. ఎ మాత్రం ముద్దుగా గిన్నెలా వచ్చింది. కేడీ ఎడమపక్క సున్నా దాకా బల్లపరుపే, అంటే బ్యాక్టీరియా అసలు చావట్లేదన్నా డేటాకి ఓకే అన్నమాట. మరి కొత్త డేటాలో ఏం కొలవాలి?

మైక్రో_రాజు (తణుకు):

బ్యాక్టీరియాని కూడా కొలిచేస్తే పోలా? క్యూపీసీఆర్‌తో (డీఎన్‌ఏ కాపీలు లెక్కపెట్టే పరీక్ష) అమోఎ జీన్ (అమ్మోనియా తినే బ్యాక్టీరియాలో ఉండేది) కాపీలు లెక్కపెట్టండి, ఎక్స్ దొరికిపోతుంది, వై కూడా వచ్చేస్తుంది.

లెక్కల_మాస్టారు (అమలాపురం):

రాజుగారూ, క్యూపీసీఆర్ ఇచ్చేది మిల్లీలీటరుకి కాపీలు. మోడల్‌లో ఎక్స్ మిల్లీగ్రాముల్లో. మధ్యలో ఒక్కో మిల్లీగ్రాముకి ఎన్ని కాపీలు అనే ఇంకో తెలియని గుణకం వచ్చి చేరుతుంది. ఎక్స్ రెట్టింపు, వై రెట్టింపు, ఆ గుణకం సగం చెయ్యండి, రెండు కొలతలూ మారవు. వై మళ్ళీ దొరకలేదు. అయితే దండగ కాదు, బ్యాక్టీరియా ఎంత వేగంగా పెరిగిందో తగ్గిందో ఆ తీరు తెలుస్తుంది కాబట్టి మ్యూ, కేడీ ప్రొఫైళ్ళు బిగుస్తాయి. ఆ గుణకం విడిగా కొలిచి ఉంటేనే వై మాట.

చెరువుగట్టు (పాలకొల్లు):

ఏవండీ, లెక్కలు నాకు రావు, నీళ్ళ ల్యాబులో పని చేస్తాను. మీరంతా బ్యాక్టీరియా బ్యాక్టీరియా అంటన్నారు గానీ, నీళ్ళు పచ్చగా ఉన్న చెరువులో అమ్మోనియా సగం నాచే లాగేస్తదండి. మబ్బు పట్టి ప్లాంక్టన్ డ్రాప్ అయిందంటే (నాచు చచ్చిపోతే) తెల్లారేసరికి అమ్మోనియా ఎక్కేస్తది, దానికీ మీ నైట్రిఫైయర్లకీ సంబంధం లేదు. మీ మోడల్లో నాచే లేదు. మరి ఆ కేఎస్ ఎవరి కేఎస్ అనుకోవాలి?

అంచేత చెరువులో కాదు, డ్రమ్ముల్లో చెయ్యండి. చెరువు నీళ్ళు డ్రమ్ముల్లో పట్టి, నల్ల పట్టా కప్పేసి (ఎండ తగిలితే మళ్ళీ నాచు పనే), ఏరేటర్ రాయి వేసి, అమ్మోనియం క్లోరైడ్ కలపండి. ఒకదాంట్లో తక్కువ, ఒకదాంట్లో బాగా ఎక్కువ. గాలి ఆపకూడదు, ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ నైట్రేట్ అవ్వాలంటే 4.57 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి. ఆల్కలినిటీ కూడా 7.14 మిల్లీగ్రాములు తినేస్తది, లీటరుకి పది మిల్లీగ్రాములు కలిపితే డెబ్బై పైన ఆల్కలినిటీ హాంఫట్, పీహెచ్ పడిపోయి బ్యాక్టీరియా పని మానేస్తది, మీరేమో కేఎస్ అనుకుంటారు. సోడా బైకార్బొనేట్ దగ్గర పెట్టుకోండి. గాల్లోకి పోయే అమ్మోనియా ఎంతో తెలియాలంటే ఇంకో డ్రమ్ములో ఆలైల్‌థయోయూరియా వేసి నైట్రిఫికేషన్ ఆపేసి చూడండి.

ఇంకోటండి, ఈ బ్యాక్టీరియా ఎక్కువ శాతం అడుగు మట్టిలోనూ గట్లకీ అంటుకుని ఉంటది, నీళ్ళలో తక్కువే. డ్రమ్ముకి వచ్చేది ఆ తక్కువే. డ్రమ్ముదీ చెరువుదీ మొదటి లెక్క ఒకటే అనుకోకండి.

ప్రొఫైల్_పిచ్చోడు (రాజమండ్రి):

చెరువుగట్టు గారూ, లెక్కలు రావంటూనే సగం ఎక్స్‌పెరిమెంటల్ డిజైన్ చెప్పేశారు. ఐడెంటిఫయబిలిటీ టెస్టులన్నీ మోడల్ కరెక్టనే ఒప్పందం మీదే నడుస్తాయి, నాచు లేని మోడల్‌కి ఎంత ముద్దైన ప్రొఫైల్ వచ్చినా దానికి అర్థం ఉండదు.

ఆవిడ ప్రొఫైళ్ళకి డ్రమ్ముల్ని జత చేస్తే ఇలా వస్తుంది. ఎక్కువ డోసు డ్రమ్ములో మొదట అమ్మోనియా తిన్నగా గీతలా దిగుతుంది, అక్కడ కేఎస్‌తో పనిలేదు, మ్యూ ఇంటూ వి తెలుస్తుంది. చివర్లో వంపు తిరిగి మెల్లగా సున్నాకి పోతుంది, కేఎస్ ఉన్నదంతా ఆ వంపులోనే. కాబట్టి పొద్దున్నొకటి సాయంత్రమొకటి అని సమానంగా కొలవకుండా వంపు దగ్గర గంటగంటకీ తియ్యండి. మ్యూ, వినాట్ విడిపోవాలంటే బ్యాక్టీరియా బాగా పెరగాలి, అందుకని ఒక డోసు అయిపోగానే ఇంకో డోసు, రెండోసారి ఎంత తొందరగా దిగిందో చూడండి. కేడీ కోసం ఒక డ్రమ్ముని అమ్మోనియా అయిపోయాక అలా పస్తు పెట్టి కొన్ని రోజుల తర్వాత మళ్ళీ డోసు వెయ్యండి, దిగే వేగం ఎంత తగ్గిందో అదే చావు. మీ పాత డేటాలో బ్యాక్టీరియాకి తినడానికి ఎప్పుడూ అమ్మోనియా ఉంది కాబట్టే కేడీ సున్నా దాకా జారిపోయింది. ఎ మాత్రం చెరువు డేటాలోంచే రావాలి, డ్రమ్ములో మేత లేదుగా. రెండు డేటాలూ కలిపి ఒకే ఫిట్, మ్యూ కేఎస్ కేడీ ఉమ్మడి, వినాట్ దేనికది.

కిట్టు గురించి కూడా. కార్డు మీద 0.5 రంగుకీ 1 రంగుకీ మధ్యలో ఉంటే 0.75 అని రాసుకుని నార్మల్ నాయిస్ అనుకోకండి, "0.5కీ 1కీ మధ్య" అనే రాసి లైక్లీహుడ్‌లో ఇంటర్వెల్‌గానే ఇవ్వండి. ప్రొఫైల్ వెడల్పవుతుంది, కానీ అది నిజమైన వెడల్పు. వంపు దగ్గర మాత్రం కిట్టు చాలదు, స్పెక్ట్రోఫోటోమీటర్ ఎక్కడన్నా దొరుకుతుందేమో చూడండి.

వెనామీ_అమ్మాయి (ఉండి):

స్పెక్ట్రో మా డిపార్ట్‌మెంట్‌లో ఉందండి, అడిగితే ఇస్తారు. డ్రమ్ములు బాబాయి దగ్గర బోలెడున్నాయి. ఒక్క డౌటు, డ్రమ్ముల్లో పగటికీ రాత్రికీ టెంపరేచర్ తేడా వస్తుంది, మ్యూకి తీటా (టెంపరేచర్‌తో వేగం ఎంత మారుతుందో చెప్పే నంబర్) పవర్ (టెంపరేచర్ మైనస్ 20) పెడదామనుకుంటున్నా. తీటా కూడా తెలియదు. ఇది రేషనల్ కాదు కదా, జూలియా ప్యాకేజీ ఒప్పుకోదు. స్ట్రైక్‌గోల్డ్‌కి వెళ్ళాలా?

జూలియా_కాకినాడ:

అక్కర్లేదు మేడం. ఆ తీటా పవర్ మొత్తాన్ని "జెడ్" అనే కొత్త స్టేట్ చెయ్యండి. జెడ్ డెరివేటివ్ అంటే లాగ్ తీటా ఇంటూ టెంపరేచర్ డెరివేటివ్ ఇంటూ జెడ్. లాగ్ తీటాని "బి" అనే మామూలు పారామీటర్ అనుకోండి, టెంపరేచర్ డెరివేటివ్‌ని తెలిసిన ఇన్‌పుట్ అనుకోండి, అంతా పాలినోమియల్ అయిపోయింది. కాకపోతే జెడ్ మొదటి విలువ మీకు తెలుసని ప్యాకేజీకి తెలియదు, మ్యూ, జెడ్ లబ్ధంగా కనపడి రెండూ దొరకవని చెప్తుంది, కంగారుపడకండి. మొదలెట్టేటప్పటి టెంపరేచర్‌నే 20 బదులు రిఫరెన్స్‌గా పెట్టుకుంటే జెడ్ 1 దగ్గర మొదలవుతుంది, మ్యూ అంటే ఆ టెంపరేచర్ దగ్గర మ్యూ. బి మాత్రం టెంపరేచర్ నిజంగా మారితేనే దొరుకుతుంది, కాబట్టి డ్రమ్ములు అన్నీ నీడలో పెట్టకండి, ఒకటి ఎండలో ఉండనివ్వండి, పట్టా కప్పే లెండి.

చెరువుగట్టు (పాలకొల్లు):

ఎండలో పెట్టిన దానికి నీళ్ళు ఆవిరైపోతాయండి, మట్టం గీత గీసుకుని రోజూ మంచినీళ్ళు పోసి సరిచెయ్యండి. చెరువు నీళ్ళు పొయ్యకండి, కొత్త బ్యాక్టీరియా వచ్చేస్తది.